ఖాళీగా పంపని డబ్బా

సిద్దిపేట,
24 నవంబరు 2025.

గౌరవనీయులైన ప్రమీలాదేవి గారికి,

ఎస్తేర్ నమస్కారాలు.

మీకు మూడుసార్లు ఫోన్ చేశాను. మొదటిసారి చాలాసేపు మోగింది, రెండోసారి కాస్త మోగి ఆగింది, మూడోసారి మోగనే లేదు. సంగతి అర్థమైంది. అయినా ముప్పై ఏళ్లు అంగన్‌వాడీలో పనిచేసినదాన్ని, అలిగిన పిల్లలనూ అలిగిన తల్లులనూ చాలామందిని చూశాను. ఫోన్ ఎత్తనివాళ్లు కూడా ఉత్తరాన్ని చింపేముందు ఒక్కసారి చదువుతారన్న నమ్మకంతో ఇది రాస్తున్నాను.

మీ స్నిగ్ధ బాగుంది. జూన్‌లో మా వినయ్‌ను రిజిస్టర్ పెళ్లి చేసుకుని మా ఇంటికి వచ్చినప్పటికంటే కొంచెం ఒళ్లు చేసింది కూడా. పొద్దున్నే బ్యాంకుకు వెళ్తుంది, సాయంత్రం వచ్చి మా అత్త మల్లమ్మతో కబుర్లు చెబుతుంది. తన గదిలో తన దేవుడికి దీపం పెట్టుకుంటుంది. మేం ఆదివారం చర్చికి వెళ్తాం. ఎవరి ప్రార్థన వాళ్లది. దీపంలో నూనె ఉందా అని రోజూ అడిగేది మా అత్తే.

మాకిప్పుడు క్రిస్మస్ పనులు మొదలయ్యాయి. మా ఆయన స్వామి గోడలకు రంగులు వేయిస్తున్నాడు. ఏ గదికి ఏ రంగో తేలక ఇల్లంతా తెల్ల మచ్చల ఆవులా ఉంది. డాబా మీద కట్టే నక్షత్రానికి వెదురు బద్దలు తెచ్చాడు. ఏటా అది ఒకవైపు వంగుతుంది, ఏటా ఆయన గాలిని తిడతాడు.

ఇక అసలు విషయం. పండుగకు ఏం పిండివంటలు చేద్దామని స్నిగ్ధను అడిగితే, "మీరేం చేస్తే అవే అత్తమ్మా" అంది. మా వినయ్ మాత్రం, మీరు చేసే బెల్లం గరిజలంటే ఆమెకు ప్రాణమని చెప్పాడు. మా ఇంట్లో గరిజల్లో రవ్వ, చక్కెర పెడతాం. బెల్లం, నువ్వులు పెట్టడం మాకు రాదు. పెళ్లయ్యాక మా ఇంట్లో వచ్చిన మొదటి పెద్ద పండుగ కదా, ఆ పిల్లకు తన ఇంటి రుచి దొరకాలని నా ఆశ. దయచేసి కొలతలు రాసి పంపండి. ఈ సంగతి ఆమెకు తెలియదు, మీరు వద్దంటే తెలియనివ్వను.

దీంతోపాటు పంపే స్టీలు డబ్బా మీదే. మూత మీద మీ పేరు కొట్టించి ఉంది. పెళ్లిరోజు స్నిగ్ధ చేతిలో ఉన్నది అదొక్కటే. ఇన్నాళ్లూ మా ఇంట్లో ఉండిపోయింది. ఖాళీ డబ్బా పంపకూడదంటారు కాబట్టి మురుకులు పెట్టాను. హుస్నాబాద్ బస్సులో కండక్టరుగా ఉన్న మా చెల్లెలి కొడుకు నరేశ్ తెచ్చి ఇస్తాడు. అతను మంచివాడు, ఎక్కువ మాట్లాడతాడు, పట్టించుకోకండి.

ఇట్లు,
ఎస్తేర్


హుస్నాబాద్,
28 నవంబరు 2025.

శ్రీమతి ఎస్తేర్ గారికి,

మీ ఉత్తరం, డబ్బా అందాయి.

పదవీ విరమణ చేసి రెండేళ్లయినా, ముప్పై ఒక్క ఏళ్లు బడిలో లెక్కలు చెప్పిన అలవాటు పోలేదు కాబట్టి అడిగినదానికి వరుసగా జవాబిస్తున్నాను.

పావుకిలో తెల్ల నువ్వులు సన్నని మంట మీద చిటపటలాడేదాకా వేయించాలి. మాడితే చేదు. చల్లారాక బరకగా దంచాలి. పావుకిలో బెల్లం సన్నగా తురమాలి. ఒక ఎండుకొబ్బరి చిప్ప తురుము, ఆరు యాలకులు. ఇవన్నీ కలిపితే పూర్ణం. అరకిలో మైదాలో వేడి నెయ్యి రెండు గరిటెలు పోసి, చిటికెడు ఉప్పుతో పిండి కలిపి, తడిగుడ్డ కప్పి అరగంట ఉంచాలి. పలుచగా పూరీలు ఒత్తి, చెంచాడు పూర్ణం పెట్టి, సగానికి మడిచి, అంచుకు పాలు అద్ది మెలిక వేయాలి. నూనెలో చిన్న మంట మీద వేయించాలి.

మురుకుల సంగతి. నేను బయటి పిండివంటలు తినను. మా ఇంట్లో పనిచేసే పోచవ్వకు ఇచ్చేశాను. మర్యాద కోసం చెబుతున్నాను, మరోలా అనుకోకండి.

డబ్బాలో మా చేనులో పండిన నువ్వులు పంపుతున్నాను. బజారు నువ్వుల్లో ఇసుక ఉంటుంది. ఇది మీ కోసం కాదు, వంట చెడకూడదని. డబ్బాను ఖాళీగా ఉంచే అలవాటు మాకూ లేదు.

ఈ ఉత్తరం సంగతి స్నిగ్ధకు చెప్పవద్దు. మా వారు చంద్రశేఖర్ గారికి కూడా నేను చెప్పలేదు.

చలి మొదలైతే ఆమెకు ఆయాసం వస్తుంది. చెవులు కప్పుకోమంటే వినదు. ఇప్పుడు వింటుందో లేదో నాకు తెలియదు.

ప్రమీలాదేవి


సిద్దిపేట,
7 డిసెంబరు 2025.

ప్రమీలాదేవి గారికి,

వదిన అని రాయబోయి ఆగాను. వియ్యపురాళ్లం కాబట్టి వరుస అదే, కానీ మీరు అనుమతిస్తే కదా.

ముందుగా చెవుల సంగతి. మా అత్త తన కోతిటోపీల్లో ఒకదాన్ని స్నిగ్ధ నెత్తిన పెట్టి, "గిది తీసినవంటే నా మీద ఒట్టు" అంది. ఆ పిల్ల గల్లీ మలుపుదాకా పెట్టుకుని, మలుపు తిరగగానే సంచిలో పెట్టుకుంటుందట. సాయంత్రం మళ్లీ అదే మలుపులో పెట్టుకుని వస్తుంది. మా అత్తకు చూపు సరిగ్గా ఆనదు కాబట్టి సంసారం సాగిపోతోంది. ఆయాసం మాత్రం ఇప్పటిదాకా రాలేదు.

మా ఇంట్లో పండుగ అప్పుడే వచ్చేసింది. నక్షత్రం ఎక్కింది, వంగింది. పాటలవాళ్లు సాయంత్రాలు ఇల్లిల్లూ తిరుగుతున్నారు. మా గల్లీకి వచ్చినప్పుడు స్నిగ్ధ వాళ్లకు అల్లం చాయ్ పెట్టి, పాటల పుస్తకం తిరగేస్తూ, "అత్తమ్మా, ఈ రెండో చరణంలో తాళం తప్పుతున్నరు" అంది. తప్పు పట్టే బుద్ధి ఎక్కడినుంచి వచ్చిందా అనుకున్నాను. ఇప్పుడు తెలుస్తోంది లెండి. దుబ్బాక నుంచి అందరికీ చేనేత తువ్వాళ్లు, అత్తకు చీర తెచ్చాం. స్వామికి అంగీ కొంటే రంగు నచ్చలేదని ముఖం మాడ్చుకున్నాడు.

ఇక గరిజలు. నిన్న శనివారం, కొద్దిగా చేసి చూద్దామని కూర్చున్నాను. మీరు రాసినట్టే చేశాను, అక్షరం తప్పలేదు. ఉత్తరాన్ని పొయ్యి పక్కన గోడకు అంటించి మరీ చేశాను. మొదటి వాయి నూనెలో వేసిన నిమిషానికి ఒకటి పగిలింది. దాన్ని చూసి రెండోది, దాన్ని చూసి మూడోది. బెల్లం కరిగి నూనెలోకి కారి, నూనె నల్లబడి, ఇల్లంతా పొగ. మా అత్త వాకిట్లోంచి, "దీపావళి అయిపాయె గద, ఇంకా పటాకులేంది?" అని అడిగింది.

అప్పుడే స్నిగ్ధ వచ్చింది. వంటింటి గుమ్మంలో నిలబడి చూసింది. పకపకా నవ్వింది. ఆరు నెలల్లో ఆ పిల్ల అలా నవ్వడం ఇదే మొదలు. తర్వాత పళ్లెంలోంచి ఒక పగిలిన ముక్క తీసి నోట్లో వేసుకుంది. నవ్వు ఆగిపోయింది. గదిలోకి వెళ్లి, ముఖం కడుక్కుని వచ్చింది. "ఎవరు చెప్పిన్రు గివి చెయ్యమని?" అని అడిగితే, ఫోన్లో చూశానన్నాను. నమ్మిందో లేదో.

నేను ఎన్నో పండుగలకు వంట చేసినదాన్ని. మైదా మారిస్తే బాగుపడుతుందా, మంట తగ్గించాలా? నా చేతిలోనే ఏదో లోపం ఉందనిపించి రాత్రంతా మనసు బాగోలేదు. పగలనివి నాలుగే నాలుగు దక్కాయి. వాటిని డబ్బాలో పెట్టి పంపుతున్నాను. మీరు లెక్కల పంతులమ్మ కదా, తినకపోయినా ఫరవాలేదు, చూసి మార్కులు వేయండి.

ఎస్తేర్


హుస్నాబాద్,
11 డిసెంబరు 2025.

ఎస్తేర్ గారికి,

మీ చేతిలో లోపం లేదు. నా ఉత్తరంలో ఉంది.

బెల్లం, నువ్వుల పొడి కలిపాక దాన్ని పలుచటి గుడ్డ మీద పరిచి ఒక రాత్రంతా ఆరనివ్వాలి. బెల్లంలోని చెమ్మ పోయి పొడిపొడిగా అవుతుంది. ఆరనివ్వకపోతే వేడికి కరిగి, ఆవిరి పుట్టి, గరిజ పగులుతుంది. ఇది నాకు మా అమ్మ నేర్పిన మొదటి మాట. దీన్ని మరిచిపోయి రాయకపోవడం కాదు. రాసి, ఆ కాగితం పక్కన పెట్టి, ఆ వాక్యం లేకుండా మళ్లీ ఇంకో కాగితం మీద రాశాను.

మెట్టు వదిలేసి జవాబు రాసిన పిల్లలకు ముప్పై ఒక్క ఏళ్లు మార్కులు కోశాను. నాకు ఎన్ని కోయాలో మీరే చెప్పండి.

ఎందుకు చేశానంటే, చెబుతాను. జూన్ పన్నెండున ఆమె బ్యాంకుకని బస్సెక్కినప్పుడు ఆ డబ్బాలో పప్పన్నం పెట్టి, పై గిన్నెలో రెండు గరిజలు పెట్టాను. అవి ఆ ఆదివారం ప్రజ్ఞాపూర్ నుంచి ఆమెను చూడడానికి వచ్చేవాళ్ల కోసం చేసినవి. ముందుగా నువ్వు రుచి చూడమ్మా అని ఇచ్చాను. నవ్వుతూ తీసుకుని వెళ్లింది. సాయంత్రం, పెళ్లి చేసుకున్నానని ఫోన్ వచ్చింది. మూడు రోజుల తర్వాత వచ్చిన చుట్టాలకు ఏం చెప్పాలో తెలియక, ఆ గరిజలే పెట్టి పంపించాను.

మీ ఉత్తరం చూసినప్పుడు ఒళ్లు మండింది. బిడ్డ మీ ఇంట్లో ఉంది, నవ్వు మీ ఇంట్లో ఉంది, చివరికి నా చేతి గరిజ కూడా మీ ఇంట్లోనే దొరికితే ఆమె ఇక నా గడపకు రావలసిన పనేముంది అనిపించింది. నాకు మిగిలింది ఆ ఒక్క మెట్టే అనుకున్నాను. పొట్లం కట్టి దాచుకున్నాను. ఆమె ముక్క తిని గదిలోకి వెళ్లిందని చదివాక సిగ్గుతో చచ్చిపోయాను.

ఇంకొక అబద్ధం కూడా ఉంది. మీ మురుకులు పోచవ్వకు ఇవ్వలేదు. అటక మీద పెడితే చంద్రశేఖర్ గారు కనిపెట్టి నాలుగు రోజులు చాయ్‌తో తిన్నారు. ఎక్కడివని నన్ను అడగలేదు, నేను చెప్పలేదు. డబ్బా మూత మీద పేరు చూసే ఉంటారు. ఆయన అసలే మాటలు తక్కువ మనిషి, జూన్ నుంచి ఇంకా తక్కువ. మొన్న మాత్రం, "మురుకులల్ల వాము మంచిగ పడ్డది" అన్నారు.

మీ నాలుగు గరిజల్లో ఒకటి నేను తిన్నాను. యాలకులు ఎక్కువ. మెలిక వదులు. పదికి ఆరు.

డబ్బాలో ఈసారి కొత్త బెల్లం పెట్టాను. ఆరబెట్టడం మరవకండి.

ప్రమీలాదేవి


సిద్దిపేట,
15 డిసెంబరు 2025.

ప్రమీలాదేవి వదినకు,

అడగకుండానే వరుస పెట్టేశాను. కోపం వచ్చినప్పుడు నాకు వరుసలు త్వరగా వస్తాయి.

అవును, కోపం వచ్చింది. మీ ఉత్తరం చదివి ఒక పూట ఎవరితోనూ మాట్లాడలేదు. స్వామి భయపడి తనంతట తానే బట్టలు ఆరేశాడు. మీకు మార్కులు కోయడానికి నేను కూర్చోలేదు, కానీ మనసులో ఉన్నది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

గరిజల మెట్టు దాచారు, అది చిన్న సంగతి. పగిలినవి మా అత్త పాలల్లో వేసుకుని తినేసింది. నాకు తగిలింది అది కాదు. పెళ్లయిన వారానికి మీరు కారులో మా ఇంటికి వచ్చారు. నలభై నిమిషాలు కుర్చీ అంచున కూర్చున్నారు. నేను గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి ముందు పెట్టాను. బయట జూన్ ఎండ. మీ పెదవులు ఎండిపోయి ఉన్నాయి, నేను చూశాను. ఆ గ్లాసు ముట్టుకోలేదు. మీరు వెళ్లాక స్నిగ్ధ ఆ గ్లాసు వైపు చూస్తూ నిలబడింది. నేను తీసుకుపోయి మల్లె చెట్టుకు పోశాను. మా తాతల కాలంనుంచి అలాంటి గ్లాసులు చాలా చూశాం వదినా. నాకు కొత్త కాదు. ఆ పిల్లకే కొత్త.

నేను కూడా మీకు ఒక అబద్ధం రాశాను. గరిజల సంగతి వినయ్ నాకు చెప్పలేదు. మీరు పెట్టిన ఆ రెండింటిలో ఒకటి స్నిగ్ధ రిజిస్టర్ ఆఫీసు వరండాలో వాడికి పెట్టిందట. రెండోది దాచుకుంది. తినలేదు. ఆగస్టు ముసురుకు బూజు పట్టేదాకా ఆ గిన్నెలోనే ఉంది. బూజు పట్టిందని పారేయబోతుంటే నేను చూశాను. ఆ డబ్బాను తానే కడుగుతుంది, ఇంకెవరినీ తోమనివ్వదు. అరలో పెట్టినప్పుడు మీ పేరు గోడవైపు ఉండేలా పెడుతుంది. అది చూడలేకే మీకు మూడుసార్లు ఫోన్ చేశాను. ఈ నెలంతా డబ్బా అరలో ఎక్కువ రోజులు లేదు. ఎక్కడుందని ఆమె అడిగితే, మాటు వేయించడానికి ఇచ్చానంటూ వస్తున్నాను. స్టీలు డబ్బాకు మాటేంది అని ముఖం చిట్లించింది కానీ మళ్లీ అడగలేదు.

ఇప్పుడు నా నిర్ణయం వినండి. మీరు చెప్పినట్టు ఆరబెట్టగలను, కానీ ఆరబెట్టను. బెల్లం గరిజలు ఈ ఇంట్లో నేను చేయను. ఈ ఇరవై ఒకటిన ఆదివారం, చర్చి అయిపోయాక మా గల్లీ ఆడవాళ్లందరం మా ఇంట్లోనే కూర్చుని పండుగ వంటలు చేస్తాం. పక్కింటి సౌమ్య వస్తుంది, ఎదురింటివాళ్లు వస్తారు. ఎవరి పిండి వాళ్లు తెచ్చుకుంటారు, నూనె మూకుడు అందరికీ ఒకటే. మీ గరిజలు మీరే వచ్చి చేయండి. మీ మెట్టు మీ దగ్గరే ఉంచుకోండి, నాకు చూపించనే వద్దు, అటు తిరిగి కూర్చుంటాను. కానీ రండి.

నరేశ్ చేతికి ఈసారి ఉత్తరం ఒక్కటే ఇస్తున్నాను. డబ్బా ఇవ్వను. కావాలంటే వచ్చి తీసుకువెళ్లండి.

మీ
ఎస్తేర్


హుస్నాబాద్,
18 డిసెంబరు 2025.

ఎస్తేర్ గారికి,

ఇరవై ఒకటిన రావడం కుదరదు. చేనులో రెండో విడత పత్తి ఏరుతున్నారు, కూలీలకు నేను లేకపోతే చాయ్ అందదు. మోకాలు బాగోలేదు. చంద్రశేఖర్ గారికి అన్నం పెట్టుకోవడం కూడా రాదు. పైగా ఇంత అయ్యాక నేను ఏ ముఖం పెట్టుకుని రావాలి, వచ్చి నలుగురిలో ఏం మాట్లాడాలి.

కాబట్టి రాలేను.

మీ ఇంట్లో పూరీలు ఒత్తే పీట పెద్దదా, చిన్నదా? నాకు నా పీట మీద తప్ప ఇంకెక్కడా గుండ్రంగా రాదు. ఆదివారం పొద్దున బస్సు నరేశ్‌దేనా?

ప్రమీలాదేవి


హుస్నాబాద్,
28 డిసెంబరు 2025.

వదినకు,

ఫోన్‌లో చెప్పొచ్చు. మొన్నటినుంచి రోజూ మాట్లాడుకుంటూనే ఉన్నాం కదా. కానీ ఈ మాట నోటితో చెప్పలేక రాస్తున్నాను.

ఆ ఆదివారం నేను మీ ఇంటికి వచ్చినప్పుడు మీరు గ్రైండర్ దగ్గర ఉన్నారు. వెనక్కి తిరిగి చూసేసరికి నేను వంటింట్లో ఉన్నాను. "ఎప్పుడొచ్చిన్రు వదినా?" అన్నారు మీరు. "ఇప్పుడే" అన్నాను. అది నిజం కాదు. నేను వచ్చి అప్పటికి అరగంట అయింది.

నరేశ్ గల్లీ మలుపులో దింపాడు. దారిపొడవునా మాట్లాడుతూనే ఉన్నాడు, నేను ఒక్క మాటా వినలేదు. చంకలో పీట, చేతిలో రాత్రంతా ఆరబెట్టిన పూర్ణం మూట. మీ డాబా మీద వంగిన నక్షత్రం కనిపించింది. లోపలినుంచి ఆడవాళ్ల నవ్వులు, వాటి మధ్య మా స్నిగ్ధ గొంతు. సౌమ్య చేసిన లడ్డూలు ఒక్కోటి ఒక్కో సైజులో ఉన్నాయని ఎగతాళి చేస్తోంది. అంత గట్టిగా, అంత చనువుగా మాట్లాడడం మా ఇంట్లో నేను ఎన్నడూ విననిది. ఆ గొంతు విని సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. నేను లోపలికి వెళ్తే ఆ నవ్వు ఆగిపోతుందని భయమేసింది. నిజం చెబుతున్నాను, వెనక్కి తిరిగాను. నాలుగు అడుగులు వేశాను.

మీ అత్తగారు గేటు పక్కన ఎండలో కూర్చుని ఉన్నారు. నన్ను గుర్తుపట్టలేదు. "ఎవలు బిడ్డా, గట్ల తిరుగుతున్నవ్? ఎవలింటికి వొయ్యేది?" అని అడిగారు. "దూపైతుందా? కూసో" అని, తన పక్కన చెంబులోంచి గ్లాసులో నీళ్లు వంచి చాచారు. నీళ్లు కొన్ని నా చీర మీద ఒలికాయి.

నేను ఆ గ్లాసు తీసుకున్నాను. తాగాను. ఇంకో గ్లాసు అడిగి అది కూడా తాగాను. చలికాలం పొద్దున అంత దూప ఎందుకైందో నాకు తెలుసు. అది జూన్‌ది. ఆ పొద్దు కూడా నాకు దూపైంది వదినా. గొంతు ఎండుకుపోయి, కళ్ల ముందు గ్లాసు ఉండి, చెయ్యి లేవలేదు. చెయ్యి లేవనివ్వనిది ఏదో నేను ఎవరి దగ్గరా నేర్చుకున్నట్టు గుర్తులేదు, కానీ నాలో ఉంది. బడిలో పిల్లలకు అందరూ సమానమేనని చెప్పినదాన్ని. మీ గ్లాసు దగ్గర నా లెక్క తప్పింది. దానికి నన్ను క్షమించండి. బతిమాలి అడుగుతున్నాను.

తర్వాత జరిగింది మీకు తెలుసు. స్నిగ్ధ నన్ను చూసింది. మొదట పీటను చూసింది, తర్వాత నన్ను. ఏడుస్తుందనుకున్నాను, కోప్పడుతుందనుకున్నాను. "అమ్మా, ఈ పిండి గట్టిగైంది, జర చూడు" అంది. అంతే. నేను కూర్చుని చూశాను. గట్టిగానే ఉంది. పాలు చల్లి మళ్లీ కలిపాను. ఇద్దరం పక్కపక్కన కూర్చుని, ఆమె ఒత్తుతుంటే నేను మెలికలు వేస్తూ, నూట ఇరవై గరిజలు చేశాం. ఒక్కటీ పగల్లేదు. అందరి ముందే ఆ మెట్టు చెప్పాను, గల్లీ మొత్తానికి తెలిసిపోయింది. దాచుకోవడానికి ఇక నా దగ్గర ఏమీ లేదు, హాయిగా ఉంది.

పండుగ రోజు చంద్రశేఖర్ గారు మీ ఇంట్లో మాంసం రెండుసార్లు వడ్డించుకుని, మీ స్వామి అన్నగారితో నక్షత్రం ఎందుకు వంగుతుందో గంటసేపు చర్చించారు. వచ్చేయేడు ముందుగానే వచ్చి బద్దలు తానే కడతారట. ఇన్ని మాటలు ఆయన నాతో ముప్పై ఏళ్లలో మాట్లాడలేదు. బస్సులో వస్తూ, "బిడ్డ బాగున్నది" అన్నారు. కాసేపయ్యాక మళ్లీ అదే మాట అన్నారు.

డబ్బా పంపుతున్నాను. సంక్రాంతికి సకినాలు చేయడానికి మీరందరూ ఇక్కడికి రావాలి. మీ అత్తగారిని కూడా తీసుకురండి.

ఆ రోజు నీళ్లు తాగిన సంగతి ఆవిడ మీకు చెప్పే ఉంటారు. చెప్పినా, నా నోట కూడా వినాలని రాశాను.

మీ వదిన
ప్రమీల


సిద్దిపేట,
31 డిసెంబరు 2025.

ప్రమీల వదినకు,

మా అత్త నాకేమీ చెప్పలేదు.

మీ ఉత్తరం పట్టుకుని ఆమె దగ్గరికే వెళ్లాను. ఆదివారం గేటు దగ్గర ఒకావిడకు నీళ్లిచ్చావట, ఆమె ఎవరో తెలుసా, అంత పెద్ద సంగతి నాతో ఎందుకు చెప్పలేదు అని అడిగాను. ముసలామె కోతిటోపీ సరిచేసుకుంటూ నా వైపు విడ్డూరంగా చూసింది. "దూపైనామె నీళ్లు తాగింది. గండ్ల చెప్పేదానికేమున్నదే?" అంది.

నేను ఇంట్లోకి వచ్చాను. ఉత్తరం మళ్లీ చదువుకున్నాను. క్షమించడానికి ఇక నా దగ్గర కూడా ఏమీ మిగల్లేదు వదినా.

సంక్రాంతికి వస్తాం. డబ్బాలో మీరు పెట్టిన నువ్వుల ఉండలు అయిపోయాయి, స్నిగ్ధ డబ్బాను తోమి అరలో పెట్టింది. పేరు ఇటువైపే ఉంది. రేపు నరేశ్ బస్సుకు అందిస్తాను. ఏం పెట్టానో చెప్పను, మీరే మూత తీసి చూసుకోండి.

మీ
ఎస్తేర్